గింజ చెప్పిన వయసు

ఇందుమతికి ఆ ఏడాది ముప్ఫై రెండేళ్లు నిండాయి. అదే ఏడాది అరవై నాలుగు కూడా నిండాయి. మొదటిది ఆమె పుట్టినందువల్ల జరిగింది. రెండోది ఆమె ఆరోగ్యం మీద ఆమె పనిచేసే సంస్థకు శ్రద్ధ కలిగినందువల్ల జరిగింది.

అది ధాన్యం నిలవచేసే సంస్థ. కాకినాడలో రేవుకు పోయే దారి పక్కన దాని గిడ్డంగులు బారులు తీరి ఉంటాయి. ఇందుమతిది తనిఖీ విభాగం. బస్తాల దొంతర ఎక్కాలి, మొనదేలిన ఇనప గొట్టాన్ని బస్తాలో గుచ్చి గుప్పెడు గింజలు లాగాలి, వాటి రంగూ నూకా పురుగూ చూసి సరుకు వయసు నిర్ణయించాలి. ప్రతి బస్తా మీదా ఒక తేదీ ఉంటుంది. దాన్ని నమ్మినవాడు ఆ సంస్థలో ఇంతవరకూ ఒక్కడూ లేడు. తేదీ వేసేది మిల్లువాడు, మిల్లువాడి చేతికి ఏ తేదీ కావాలంటే ఆ తేదీ వస్తుంది. అసలు వయసు గింజ చెబుతుంది. ఉద్యోగంలో చేరినవాళ్లకు మొదటిరోజు నేర్పే పాఠం ఇది. చాలామంది అధికారులకు చివరిరోజు దాకా గుర్తుండే పాఠం కూడా ఇదొక్కటే.

గింజ ముసలిదని తేలితే ఆ దొంతర ముందుగా బయటికి పోవాలి. దానికి నాణ్యత నిబంధనలు కూడా సడలిస్తారు. కొత్త బియ్యంలో రంగు మారిన గింజలు నాలుగు కనబడితే గొడవ. పాత బియ్యంలో గుప్పిట నిండా కనబడినా ‘వయసుకు తగ్గట్టే ఉంది’ అని రాసి సంతకం పెట్టేస్తారు.

ఐదేళ్ల కిందట కూతురు జున్ను కడుపులో ఉన్నప్పుడు ఇందుమతికి షుగరు వచ్చింది. కాన్పు దాకా ఇన్సులిన్ పొడుచుకుంది. కాన్పయ్యాక నర్సు ఆమె వేలికి సూది గుచ్చి చూసి, “పోయిందమ్మా నీ షుగరు. మాకేవీ లేవా స్వీట్లు?” అంది. ఇందుమతి స్వీట్లు పంచింది. ఆ తర్వాత ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె కూడా ఎవర్నీ అడగలేదు.

అడగకపోవడానికి కారణం ఉంది. ఇందుమతి కడుపులో ఉన్నప్పుడు ఆమె తల్లికి కూడా ఇలాగే షుగరు వచ్చి పోయింది. పోయిందనే అందరూ అన్నారు. యాభై దాటిన కొత్తలో ఒక ఉదయం ఆవిడ తాలింపు గరిటె చేతిలో ఉండగానే కుప్పకూలింది, మళ్లీ లేవలేదు. మెదడులో నాళం మూసుకుపోయిందన్నారు. అప్పట్నుంచీ ఇందుమతి మనసులో ఒక ఆలోచన పిలవని చుట్టంలా వచ్చి మూల కూర్చుంది. ఆమె దానికి మంచినీళ్లివ్వలేదు, పొమ్మనీ అనలేదు. ఈమధ్య దొంతర సగం ఎక్కేసరికి ఛాతీ బిగుసుకుపోయి, మెడ వెనక టపటపా కొట్టుకుంటోంది. గిడ్డంగి దుమ్ము అనుకుంది. అలా అనుకోవడంలో ఒక సుఖం ఉంది. దుమ్ము అందరిదీ.

ఇలా ఉండగా సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ శేషావతారంగారు ఢిల్లీలో ధాన్యం సదస్సుకు వెళ్లారు. హాలు తలుపు తప్పి, పక్కనే జరుగుతున్న వైద్యుల సదస్సులో కూర్చున్నారు. మధ్యలో లేచిరావడం తన హోదాకు తగదని చివరిదాకా విన్నారు. కడుపుతో ఉన్నప్పుడు షుగరు వచ్చిన స్త్రీలకు, కాన్పు తర్వాత షుగరు పోయినా రక్తనాళాల లోపొరకు తగిలిన దెబ్బ అంత తొందరగా పోదనీ, పైకి ఏమీ తెలియకుండానే నాళాలు బిరుసెక్కి వయసుకు ముందే ముసలివి కావచ్చుననీ, అందుకని వాళ్లను కాన్పుతో వదిలెయ్యకుండా కనిపెట్టుకుని ఉండాలనీ అక్కడ ఒక పెద్దావిడ చెప్పింది. ఈ మూడు మాటల్లో శేషావతారంగారికి మధ్యది బాగా పట్టింది.

నెల తిరక్కుండా ఆఫీసు మేడ మీదికి ఒక యంత్రం వచ్చింది. దాని వెనక ‘మాతృనాళ సంరక్షణ మహోద్యమం’ అని బ్యానరు వచ్చింది. చేతులకూ కాళ్లకూ పట్టీలు చుట్టి, గాలి నింపి వదిలితే, రక్తనాళాల వయసు ఎంతో ఆ యంత్రం కాగితం మీద అచ్చువేసి ఇస్తుంది. శేషావతారంగారు దీపం వెలిగించి మాట్లాడారు.

“సోదరీమణులారా! బస్తాలో ఏముందో తెలుసుకోవడానికి మన సంస్థ అర్ధ శతాబ్దంగా కృషి చేస్తోంది. బస్తాలు మోయించే మనుషుల్లో ఏముందో తెలుసుకోవడానికి ఇవాళ శ్రీకారం చుడుతున్నాం. మొట్టమొదట తల్లులు!”

చప్పట్లు కొట్టారు. గర్భంతో ఉన్నప్పుడు షుగరు వచ్చినవాళ్లందర్నీ వరసగా పిలిచారు. ఇందుమతి బల్ల మీద పడుకుంది. పట్టీలు ఒక్కసారిగా బిగిసినప్పుడు, మూల కూర్చున్న ఆ చుట్టం మొదటిసారి లేచి నిలబడినట్టనిపించింది. యంత్రం గుర్రుమని కాగితం బయటపెట్టింది.

“అరవై నాలుగు!” అన్నారు సంస్థ వైద్యాధికారి డాక్టర్ కామేశంగారు, లాటరీ నంబరు చదివినట్టు.

ఇందుమతికి వింతగా ముందు ఉపశమనం కలిగింది. ఇన్నాళ్ల భయానికి ఇవాళ ఒక ఆకారం వచ్చింది. ఆకారం ఉన్నదానితో మాట్లాడొచ్చు. పట్టీలు విప్పకముందే అడిగింది. “ఇప్పుడేం చెయ్యాలండీ డాక్టరుగారూ?”

కామేశంగారు శేషావతారంగారి వైపు చూశారు.

“మంచి ప్రశ్న,” అన్నారు శేషావతారంగారు. “కమిటీ వేద్దాం.”

ఇందుమతి తర్వాత సరోజినిగారు బల్ల ఎక్కింది. సరోజినిగారు సూపరింటెండెంటు. యాభై తొమ్మిది నిండి, వచ్చే ఏడాది రిటైరవుతానని రోజులు లెక్కపెట్టుకుంటున్న మనిషి. రెండో కాన్పులో ఎప్పుడో ఆవిడకూ షుగరు వచ్చిందట. ఆవిడ కాగితం మీద ముప్ఫై ఎనిమిది పడింది. ఆవిడ ప్రతిరోజూ జగన్నాథపురం వంతెన మీదుగా ఆఫీసుకు నడిచి వస్తుంది, సాయంత్రం నడిచే పోతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. కాని దాన్ని ఎవరూ ఈ కాగితంతో కలిపి ఆలోచించలేదు. ఆ సంస్థలో గింజను చూసి వయసు చెబుతారు తప్ప, ఆ గింజ అలా ఎందుకుందని అడిగే ఆనవాయితీ లేదు.

కమిటీ చురుగ్గా పనిచేసింది. అదే అసలు ప్రమాదం. సిబ్బంది వ్యవహారాల అధికారి పానకాలరావుగారు ఇందుమతినీ సరోజినిగారినీ తన గదికి పిలిపించారు.

“కూర్చోండి ఇందుమతిగారూ. ఈ వయసులో మీరు నిలబడకూడదు,” అన్నారు. సరోజినిగారికి కుర్చీ చూపించలేదు.

తర్వాత గొంతు సవరించుకుని చదివారు. “పుట్టినతేదీ అనునది వ్యక్తి బయటివైపున ఇతరులచే ముద్రించబడిన సమాచారము మాత్రమేననియు, దానిని విశ్వసించు సంప్రదాయము ఈ సంస్థకు ఏనాడును లేదనియు, లోపలి నమూనా ద్వారా నిర్ధారితమైన వయసే వాస్తవమైన వయసనియు కమిటీ ఏకగ్రీవముగా అభిప్రాయపడినది. కావున శ్రీమతి ఇందుమతి వయసును అరవై నాలుగుగా సవరించి, తక్షణమే పదవీ విరమణ చేయించడమైనది.”

ఇందుమతి మాట చాలా చిన్నదిగా వచ్చింది. “మా పాపకి నాలుగేళ్లేనండి.”

“లేటు సంతానం. సంస్థకు అభ్యంతరం లేదు,” అన్నారు పానకాలరావుగారు ఉదారంగా. “అసలు మీరు అరవై దాటాక నాలుగేళ్లు అక్రమంగా పనిచేశారు. దాన్ని కూడా సంస్థ మన్నిస్తోంది.”

“మరి నేనో?” అంది సరోజినిగారు.

“మీరు ముప్ఫై ఎనిమిది. మీకింకా చాలా సర్వీసుంది. రేపట్నుంచి ఇందుమతిగారి స్థానంలో దొంతరలు ఎక్కాలి. యువతకు అవకాశం ఇవ్వడం మన విధానం.”

“నా మోకాళ్లు చూశారా మీరు?”

“మోకాళ్లు కొలిచే యంత్రం ఇంకా రాలేదమ్మా.”

ఇందుమతికి ఒక అనుమానం వచ్చింది. “ఆఫీసర్లు కూడా ఆ బల్లెక్కుతారాండీ?”

పానకాలరావుగారు నొచ్చుకున్నారు. “నమూనా తీసేది సరుకులోంచి. గిడ్డంగిలోంచి కాదు.”

బయటికొచ్చాక సరోజినిగారు వరండా స్తంభానికి ఆనుకుని నవ్వింది. “చూశావుటే అమ్మాయ్? నీ వయసు నాకొచ్చింది, నా వయసు నీకు పోయింది. నేను రామేశ్వరం పోదామని టిక్కెట్లు కూడా తీయించాను. నువ్వెళ్లు బాబూ, పెద్దదానివి.”

ఇంట్లో భర్త రాంపండు నీళ్ల మోటారు విప్పి ముందు వేసుకుని కూర్చున్నాడు. అతనికి మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది. ఎదుట విప్పిన మోటారు లేకపోతే ఏ విషయమూ అర్థంకాని మనిషి. కాగితం రెండుసార్లు చదివాడు.

“అంటే ఇప్పుడు నాకు మా అమ్మకన్నా పెద్ద పెళ్లామన్నమాట. రేపట్నుంచి నీ కాళ్లకి దణ్ణం పెట్టుకుని కొట్టుకెళ్లాలా ఏంటి?”

“పెట్టండి. దీవిస్తాను.”

“ఆయ్, దీవించండి బామ్మగారూ!” అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వు ఆగాక కూడా కాసేపు అతను కొనసాగించాడు. తర్వాత అతని చేతిలో పానా ఊరికే అలాగే ఉండిపోయింది. “అది కాదు ఇందూ, లోపల నిజంగానే ఏదో ఉన్నట్టే కదా? దానికేం చేస్తారంట?”

అంత పెద్ద కాగితంలో ఆ మాట ఎక్కడా లేదని ఆమెకు అప్పుడు తట్టింది.

వయసు ఒకరు చెబితే వచ్చేది కాదని ఇందుమతికి తెలుసు. కాని తెలిసిన విషయం మనసులో ఒక గదిలో ఉంటే, శరీరం ఇంకో గదిలో వేరే కాపురం చేస్తుంది. వారం తిరిగేసరికి ఆమె లేచేటప్పుడు మోకాలి మీద చెయ్యి ఆనించడం మొదలుపెట్టింది. రంగు చీరలు బీరువాలో కిందికి పోయాయి. జున్ను ఎత్తుకోమంటే, “నావల్ల కాదమ్మా,” అంది ఒకసారి. ఆ గొంతు తనది కాదు. అది అచ్చు తల్లి గొంతు. ఆ రోజు ఆమె అద్దంలో చాలాసేపు చూసుకుంది. అద్దంలో ఉన్నది ముప్ఫై రెండేళ్ల ముఖమే. అయితే అది తనమీద ఎవరో వేసిన తేదీలా కనబడింది. సంస్థ తనను ముసలిదాన్ని చెయ్యలేదు, తాను ఎప్పట్నుంచో దాచుకున్న ముసలితనానికి ఆర్డరు మాత్రం ఇచ్చింది అనిపించింది. అదే ఆమెను భయపెట్టింది. భయం మరీ పెద్దదయ్యేసరికి అది కోపంగా మారింది. కోపంతో లేచినప్పుడు మోకాలి మీద చెయ్యి ఆనించడం మరిచిపోయింది.

తిన్నగా కామేశంగారి గదికి వెళ్లింది.

“నా నాళాలకి వైద్యం చెయ్యండి డాక్టరుగారూ.”

కామేశంగారు ఆమె కాగితం తీసి ముచ్చటగా చూశారు. “దీనికి వైద్యమెందుకమ్మా? అరవై నాలుగేళ్ల మనిషికి ఇంతకన్నా మంచి నాళాలుంటాయా? వయసుకు తగ్గట్టే ఉన్నాయి.”

“నాకు ముప్ఫై రెండండీ.”

“ముప్ఫై రెండైతే కంగారుపడాల్సిందే! ముప్ఫై రెండేళ్ల పిల్లకి ఇలాంటి నాళాలుంటే నేను ఒక్కరోజు కూడా ఊరుకోను. వెంటనే మందు మొదలుపెడతాను.”

“అయితే మొదలుపెట్టండి.”

“ఎలాగమ్మా? మీకు అరవై నాలుగు.”

ఇందుమతి ఆయన ముఖంలోకి చూసింది. అందులో వెక్కిరింత ఏ మూలా లేదు. వెక్కిరింత ఉంటే అందులో కాస్త మనిషి ఉండేవాడు.

“మీరొక్కరే కాదు,” అన్నారు కామేశంగారు ఆమెను ఓదారుస్తూ. “మన తల్లులందరి వయసులూ సవరించాక ఒక్కో కాగితం మళ్లీ పరిశీలించాను. ఒక్కరికీ జబ్బు లేదు. అందరూ వయసుకు తగ్గట్టే ఉన్నారు. సంస్థలో నాళారోగ్యం నూటికి నూరుపాళ్లు. శేషావతారంగారు షీల్డు అందుకోవడానికి రాజధానికి వెళ్తున్నారు.”

గేటు దగ్గర సరోజినిగారు దొంతర దిగి, జుట్టులో తవుడుతో, ఒక బస్తా మీద చతికిలబడి ఉంది. జరిగింది విని, “ఆ వెధవ డాక్టరు దగ్గరికెందుకెళ్లావే?” అంది. “మా వీధిలో మెహరున్నీసాగారని ఉన్నారు. నన్ను నడవమని అప్పుడెప్పుడో మొదట చెప్పిందావిడే. షుగరు పోయిందని నేను ఎగురుతుంటే, ‘షుగరు పోయింది గాని అది నడిచిన దారి ఉందిగా అమ్మా’ అని తిట్టింది. పద, నేనూ వస్తాను. నాకూ మోకాళ్లు చూపించుకోవాలి.”

డాక్టర్ మెహరున్నీసా ఇందుమతిని అడిగిన మొదటి ప్రశ్న వయసు. ఇందుమతి జవాబు చెప్పడానికి తడబడింది. డాక్టరమ్మ కళ్లజోడు పైనుంచి చూసింది.

“ఏంటమ్మా, ఆడవాళ్లు దాస్తారు గాని మరిచిపోరే?”

ఇందుమతి మొత్తం చెప్పింది. డాక్టరమ్మ నవ్వలేదు. బీపీ చూసింది, ఎక్కువుంది. రక్తం తీయించింది. షుగరు గీత దాటలేదు గాని గీతకు ఆనుకుని నిలబడింది. తల్లి సంగతి అడిగి వివరంగా విన్నది. “కాన్పయిన రెండో నెలలోనే ఒకసారి పిలిచి చూడాల్సింది. ఆ తర్వాత ఏటేటా చూడాలి. ఎవరూ చెప్పలేదా?”

“స్వీట్లు పంచమన్నారండి.”

“బాగుంది. చూడు తల్లీ, మీ అమ్మకి జరిగింది నీకు జరిగితీరాలని ఎక్కడా లేదు. నాళం ఇనప గొట్టం కాదు. బతికున్న వస్తువు, బిరుసెక్కుతుంది, మెత్తబడుతుంది కూడా. ఈ బీపీ మాత్ర రోజూ వేసుకో. పళ్లెంలో అన్నం సగానికి తగ్గించి కూర పెంచు. రోజూ చెమట పట్టేలా నడువు. కంటినిండా నిద్రపో. పై ఏడు మళ్లీ నీ రక్తం నేనే చూస్తాను.”

అద్భుతమేమీ కాదు. ఇంత మామూలు మాటల కోసం తాను ఎన్ని మెట్లు ఎక్కిదిగిందో తలచుకుంటే ఇందుమతికి ఏడుపొచ్చింది.

ఆమె నడిచింది. మొదట్లో వెనక ఎవరో తరుముతున్నట్టు నడిచింది, తల్లి వంటిల్లు వెనకపడిపోవాలన్నట్టు. తర్వాత ఆ తరిమేది అలిసిపోయింది. ఆమె మాత్రం నడుస్తూనే ఉంది. రాంపండు సైకిలు మీద పక్కన వస్తూ, “మెల్లిగా బామ్మా, పడిపోతారు,” అనేవాడు. జున్ను వెనక కూర్చుని చప్పట్లు కొట్టేది. ఎండాకాలం వచ్చిపోయేసరికి మెడ వెనక టపటప ఆగింది.

సంస్థలో రిటైరైన తల్లులకు ఏడాదికొకసారి ‘వృద్ధనాళ పునఃపరీక్ష’ అని పెట్టారు. ఇందుమతి వెళ్లి బల్ల మీద పడుకుంది. యంత్రం గుర్రుమంది. కాగితం చూసి కామేశంగారు కుర్చీలోంచి లేచారు.

“నలభై ఏడు!” ఈసారి ఆయన గొంతు లాటరీ పోయినవాడి గొంతులా ఉంది.

ఇందుమతి నవ్వింది. గదిలో నవ్విన మనిషి ఆమె ఒక్కర్తే. ఎందుకో తెలుసుకోవడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. ఆమె కూడా ధాన్యం సంస్థ మనిషే. నిలవ ఉన్న సరుకు వయసు పెరుగుతుంది గాని తగ్గదు. ఎక్కడైనా తగ్గిందంటే అర్థం ఒక్కటే. పాత సరుకులో ఎవరో కొత్త సరుకు కలిపారు. దాన్ని కల్తీ అంటారు. సంస్థలో అంతకన్నా పెద్ద నేరం లేదు.

విచారణ శేషావతారంగారి అధ్యక్షతన జరిగింది. ఆయన వెనక అద్దాల బీరువాలో షీల్డు మెరుస్తోంది. ప్రశ్నలు పానకాలరావుగారు వేశారు.

“మీ నాళాల వయసు అరవై నాలుగునుంచి నలభై ఏడుకు దిగింది. మీ సంజాయిషీ?”

“నడిచానండి.”

“ఎక్కడికి?”

“ఎక్కడికీ కాదండి. ఊరికే.”

“గమ్యం లేకుండా నడిచారు. నమోదు చేసుకోండి. ఇంకా?”

“ఒక బీపీ మాత్ర వేసుకున్నాను.”

“అంటే బయటి పదార్థం కలిసినట్టు మీరే ఒప్పుకుంటున్నారు!”

“అన్నం తగ్గించానండి.”

కామేశంగారు తల దించుకున్నారు. శేషావతారంగారు బాధగా అన్నారు. “ధాన్యపు సంస్థ పింఛను తింటూ అన్నం తగ్గించారా?”

“అది కాదండి, ఆ మొదటి రోజునే నన్ను కూర్చోబెట్టి ఈ మాటలు ఎవరైనా చెప్పి ఉంటే—”

“ఇందుమతిగారూ, మీరు ఇబ్బంది అర్థం చేసుకోవాలి,” అన్నారు శేషావతారంగారు. “మొదటి అంకె తప్పంటే యంత్రం తప్పు. యంత్రాన్ని ప్రారంభించింది నేను. రెండో అంకె తప్పన్నా యంత్రమే తప్పు. రెండూ ఒప్పంటే నియమం తప్పు. నియమం రాసింది కమిటీ. ఇవన్నీ తీసేస్తే గదిలో మిగిలేది మీరొక్కరే.”

“నన్నేం చెయ్యమంటారండీ?”

ఆయన ముందుకు వంగి, కన్నతండ్రిలా గొంతు తగ్గించారు. “మూడు నెలలు టైమిస్తాను. మళ్లీ అరవై నాలుగుకు వెళ్లిపోండి. కేసు మూసేద్దాం. మీ రిటైర్మెంటు మీకు ఉంటుంది, మా షీల్డు మాకుంటుంది.”

“ఎలా వెళ్లమంటారు?”

“అది మీ వ్యక్తిగత విషయం. సంస్థ జోక్యం చేసుకోదు.”

ఇందుమతి ఆ ముగ్గుర్నీ చూసింది. వీళ్లు చెడ్డవాళ్లు కారు. చెడ్డవాళ్లయితే తను చచ్చిపోవాలని కోరుకునేవాళ్లు. వీళ్లకు తను చావాలనీ లేదు, బతకాలనీ లేదు. కాగితం మీద ఉన్నచోట ఉంటే చాలు. మూల కూర్చున్న చుట్టానికి వీళ్లు ఇంతకాలం భోజనం పెట్టి పోషించారు. తను మటుకు దాన్ని పంపించేసింది. ఇప్పుడు వీళ్లు దాన్ని మళ్లీ పిలవమంటున్నారు.

“కల్తీ చేశానండి,” అంది. “ఇంకా చేస్తాను. నలభై ఏడు దగ్గర ఆగను.”

పానకాలరావుగారు రాసుకున్నారు. ‘నేరము అంగీకరించడమే గాక, కొనసాగించు ఉద్దేశమును సైతము వెల్లడించినది.’

వయసు తేలని సరుకును బయటికి పంపకూడదు, దొంతరలో పెట్టకూడదు. విచారణ ముగిసేదాకా వేరు గదిలో ఉంచాలి. నియమం చాలా స్పష్టంగా ఉంది. కాబట్టి ఇందుమతి పదవీ విరమణను నిలిపివేసి, జీతంతో సహా ఉద్యోగంలోకి తీసుకుని, ఆవరణ చివర ఉన్న ఒక పొడవాటి ఖాళీ షెడ్డులో కూర్చోబెట్టారు. పని లేదు. గుమ్మం మీద ‘కల్తీ సరుకు – ఇతర సరుకుతో కలపరాదు’ అన్న పాత బోర్డు తగిలించారు.

పనిలేని మనిషి షెడ్డులో ఈ చివరనుంచి ఆ చివరకు నడవసాగింది. రెండోరోజు భోజనాల వేళ సరోజినిగారు వచ్చింది. “ఆ దొంతరలు నావల్ల కావే. నాకు కూడా కాస్త కల్తీ పెట్టు,” అని పక్కన నడిచింది. ఆ తర్వాత లెక్కల విభాగంలో యాభై రెండేళ్ల వయసిచ్చిన ఇరవై తొమ్మిదేళ్ల అమ్మాయి వచ్చింది. బస్తాలు కుట్టే ఆడవాళ్లు వచ్చారు. వాళ్లను ఆ బల్ల మీద ఎవరూ పడుకోబెట్టలేదు. తమకు కూడా కడుపుతో ఉన్నప్పుడు షుగరు వచ్చిందన్న సంగతిని చెప్పడానికి వాళ్లకు ఇన్నాళ్లూ ఒక చోటు దొరకలేదు. ఆదివారాలు వాళ్లందర్నీ సరోజినిగారు మెహరున్నీసా దగ్గరికి తోలుకుపోయేది. ఎవరికి బీపీ చూడాలో, ఎవరికి షుగరు గీత దగ్గరుందో డాక్టరమ్మ చెప్పేది. షెడ్డులో నడకతో పాటు తగువులు, వేళాకోళాలు కూడా పెరిగాయి.

“ఏమే, నీకిప్పుడెంత?”

“యాభై రెండునుంచి నలభై నాలుగండి.”

“అబ్బో, ఇంకో ఏడాదిలో నీకు పెళ్లిచూపులు పెట్టాలి!”

కల్తీ వ్యాపిస్తోందని పానకాలరావుగారు నాలుగుసార్లు నోటు పెట్టారు. ఐదోసారి ఆయనే స్వయంగా వచ్చారు.

ఆఫీసు వదిలాక అందరూ వెళ్లిపోయి, ఇందుమతి సంచి సర్దుకుంటోంది. ఆయన గుమ్మంలో బోర్డు కింద నిలబడ్డారు. లోపలికి రాలేదు.

“ఒక అనధికారిక విజ్ఞప్తి,” అన్నారు. “మా కుమార్తెకు గత మాఘమాసంలో ప్రసవమైనది. గర్భధారణ సమయమున మధుమేహము సంభవించి, తదుపరి ఉపశమించినది. నిన్న సెలవురోజున, ఎవరూ లేని సమయమున, యంత్రముపై పరీక్షించడమైనది.”

“ఎంతొచ్చిందండీ?”

“యాభై ఎనిమిది.” ఆయన మెడ తడుముకున్నారు. “నాకు యాభై ఐదు. రికార్డు ప్రకారం మా అమ్మాయి నాకన్నా పెద్దదవుతుంది.”

ఇందుమతి ఈ క్షణం కోసం ఎన్నో నెలలు ఎదురుచూసింది. ఈయన ఇలా తన గుమ్మంలో నిలబడాలని, తాను ఏమేం అనాలో అద్దం ముందు కూడా అనుకుంది. ఇప్పుడా మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. ఒకటి బయటికి పంపింది కూడా.

“వయసుకు తగ్గట్టే ఉన్నాయి కదండీ, మరి దిగులెందుకు?”

ఆయన ముఖం ఒక్కసారిగా కూలిపోయింది. ఆయనకు ఆఫీసు భాషలో తర్వాతి వాక్యం దొరకలేదు.

“మా పిల్లకి ఇరవయ్యారమ్మా,” అన్నారు. “దొడ్డమ్మ దగ్గర పెరిగింది. దాని తల్లి కూడా కాన్పయ్యాక... మూడేళ్లకే... అప్పుడు గుండె అన్నారు. నాకేం తెలుసు? బాగానే ఉందనుకున్నాను.”

గేటు దగ్గర కారులో ఒక సన్నటి అమ్మాయి పసివాణ్ని ఒళ్లో వేసుకుని ఇటే చూస్తోంది. చూపులో అలవాటైన భయం. ఇందుమతి దాన్ని వెంటనే గుర్తుపట్టింది. ఆ మూల, ఆ పిలవని చుట్టం, అన్నీ.

“పిల్లను రేపట్నుంచి పంపండి,” అంది. “ఆదివారం డాక్టరమ్మ దగ్గరికి నేను తీసుకెళ్తాను. బాబును సరోజినిగారు ఎత్తుకుంటుంది, ఆవిడకెలాగూ మోకాళ్ల నొప్పులు.”

పానకాలరావుగారు చేతులు జోడించబోయి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, జేబులో పెట్టుకున్నారు. “ఒక్క చిక్కుంది. విచారణ ఈ నెలాఖరుకు ముగించాలి. ముగిస్తే మిమ్మల్ని తీసెయ్యాలి. ఈ షెడ్డు ఖాళీ చెయ్యాలి.”

“నియమం మీదేగా.”

“నియమం నాదే,” అన్నారాయన దిగులుగా.

మర్నాడు ఒక ఆర్డరు వచ్చింది. విషయము యొక్క సంక్లిష్టతను దృష్టియందుంచుకొని, నిందితురాలి వాస్తవ వయసును నిష్కర్షగా తేల్చుటకు విచారణ గడువును పొడిగించడమైనది. మూడు నెలల తర్వాత అలాంటిదే ఇంకొకటి వచ్చింది. ఆ పై మూడు నెలలకూ వచ్చింది. పానకాలరావుగారి అమ్మాయి యాభై ఎనిమిదినుంచి నలభై తొమ్మిదికి, అక్కణ్నుంచి నలభైకి దిగింది. బాబు నడవడం ఆ షెడ్డులోనే నేర్చుకున్నాడు. మొత్తం తల్లుల నాళారోగ్యానికి సంస్థ రెండో షీల్డు కూడా తెచ్చుకుంది. శేషావతారంగారు అప్పుడప్పుడూ ఫైలు అడిగి, విచారణ ఎంతవరకు వచ్చిందని ఆరా తీస్తుంటారు. “జరుగుతోంది సార్. చాలా లోతైన కేసు,” అంటారు పానకాలరావుగారు.

ఇందుమతి వయసు ఎంతో ఇంకా తేలలేదు. అది తేలకుండా చూసుకునే బాధ్యతను ఆయన స్వయంగా తీసుకున్నారు.